ఇమాం బీకి పూచీ ఎవరు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికితే ఆ రోజుకి నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఎక్కడ దిగాలో తేల్చుకుని రైలెక్కే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ లైనులో రేపల్లె తర్వాత పట్టాలే లేవు కాబట్టి ఆ సంగతి రైలే చూసుకుంటుంది. పొలాలు చూస్తూ, మధ్యమధ్య ఒళ్ళోని నవల చూస్తూ వెళ్తుంటే ఎదురు సీటులోంచి ఒక చెయ్యి వచ్చి నా పుస్తకం అట్ట తిప్పి చూసింది.

“చివరి పేజీలున్నాయా బాబాయ్ దీనికి?”

“ఉన్నాయమ్మా.”

“అదృష్టవంతుడివి.”

యాభై దాటిన మనిషి. పక్కన బొంతల మూట. పేరు ఇమాం బీ, తెనాలిలో పాతచీరలతో బొంతలు కుడుతుంది. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, మొన్న ఎండాకాలంలోనే జైలు నుంచి వచ్చానని చెప్పింది. పక్కనున్నాయన సర్దుకుని కాస్త అవతలకి జరిగాడు.

“దేనికమ్మా?” అన్నాను.

“అల్లుణ్ణి రోకలిబండతో కొట్టా. మా తబస్సుమ్ చెయ్యి విరిచాడు, నేను వాడి కాలు విరిచా. పిల్ల చెయ్యి అతుక్కుంది. వాడు కుంటుతున్నాడు.” జరిగినాయన వైపు తిరిగింది. “ఇంకొంచెం జరగండి, మూట పెట్టుకుంటా.”

జైల్లోకి గ్రంథాలయం వాళ్ళు పుస్తకాల పెట్టె పంపేవారట. ముందు మగవాళ్ళ వైపు వెళ్ళి, తర్వాత ఆడవాళ్ళ వైపు వచ్చేది. వచ్చేసరికి చివరి పేజీలు ఉండేవి కావు. పొగాకు చుట్టుకోవడానికి కాగితం కావాలి. మొదటి పేజీలు చింపితే తర్వాత చదివేవాడు తంతాడు. చివరిదాకా చదివేవాళ్ళు తక్కువ గనక, చివరివి చింపితే అడిగేవాడు లేడు. నేను ఎన్నో గ్రంథాలయాల్లో కూర్చున్నాను, చెదలు తిన్నవీ, ఎలుకలు కొరికినవీ చదివాను గానీ, ఇంత ఆలోచించి చింపడం ఎక్కడా వినలేదు.

అందుకే లోపల ఒక ఆనవాయితీ పుట్టింది. ముందు విడుదలైనవాళ్ళు బయట అదే పుస్తకం వెతికి, ముగింపు చదివి, ములాఖత్‌కి వచ్చి మిగిలినవాళ్ళకి చెప్పాలి. అందరూ సరేననే వెళ్ళేవారు. ఒక్కరూ తిరిగొచ్చిన పాపాన పోలేదు.

“నేనైతే వస్తానన్నా. వస్తన్నా,” అంది ఇమాం బీ.

లోపల వరమ్మ అని ఒక ముసలామె ఉంది. చదువు రాదు, చూడటానికి వచ్చేవాళ్ళూ లేరు. రోజూ సాయంత్రం ఇమాం బీ ఆమెకి ఒక నవల చదివి వినిపించింది. పడవవాడి కూతురు మొగుడి ఊరికి తిరిగి పడవెక్కబోతుంది. అక్కడ పేజీలు లేవు. ఎక్కదని వరమ్మ పంతం. అట్ట కూడా ఊడిపోయిన పుస్తకం, పేరేంటో తెలియదు. మొదటి వాక్యం ఒక్కటి గుర్తుపెట్టుకుని ఇమాం బీ ఊరూరా గ్రంథాలయాల అల్మారాలన్నీ గాలించింది. పోయిన వారం రేపల్లెలో ఒక చిన్న గ్రంథాలయంలో దొరికింది గానీ, ఇంటికివ్వాలంటే పూచీ కావాలన్నారట. రేపు పొద్దున్నే బాపట్లలో ములాఖత్, ఈ సాయంత్రమే బస్సెక్కాలి.

“నోటికొచ్చినట్టు చెబితే వరమ్మ ఒప్పుకోదు బాబాయ్. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవమంటది.”

రేపల్లెలో దిగి నేనూ ఆమె వెంటే వెళ్ళాను. నాకు వేరే పనేముంది!

గ్రంథాలయంలో బల్ల వెనక లైబ్రేరియన్ సంజీవరావుగారు. కోపిష్ఠి కారు, రూళ్ళ మనిషి. “డిపాజిట్ కట్టావు, ఆధార్ ఇచ్చావు. పూచీ సంతకం ఏదమ్మా? ఊళ్ళో సొంతిల్లున్నవాళ్ళు పెట్టాలి.”

“అడిగానండి. జైలు నుంచి వచ్చావంటగా అన్నారు. అవునన్నా. తలుపేశారు.”

పేపరు చదువుతున్న రిటైర్డ్ మాస్టారు జనార్దనరావుగారు తల ఎత్తారు. “ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది.”

“ఎందుకుండాలండి? నేనేం చాటుగా వెళ్ళలా. జీపెక్కించి తీసుకుపోయారు, బజారంతా చూసింది.”

నేను సంతకం పెడతానన్నాను. “మీ ఇల్లెక్కడండి?” అన్నారు సంజీవరావు. చెప్పడానికి నాకు చిరునామా లేదు.

ఇమాం బీ నవ్వింది. “బాగుంది బాబాయ్, నీకే దిక్కులేదు!” మళ్ళీ బల్లవైపు తిరిగింది. “లోపలున్నప్పుడు మీ గ్రంథాలయాలోళ్ళే పుస్తకం పంపారు. సంతకం అడగలా. బయటికొచ్చాక అడుగుతున్నారు. లోపల మంచిదాన్నీ, బయట చెడ్డదాన్నీనా?”

“లోపల గోడ ఉందమ్మా. గోడే పూచీ.” అనేశాక ఆయనకే బాగా అనిపించలేదు. “పోనీ, నా పేరున రాసి ఇస్తాను. ఎల్లుండి తెచ్చిచ్చెయ్.”

తెమిలిపోయిందనుకున్నాను.

“మీ పేరునైతే మీరే వెళ్ళి చదవండి వరమ్మకి. నా పేరునే కావాలి,” అని కలం తీసుకుని, దరఖాస్తు కాగితంలో పూచీదారు అన్నచోట తన పేరే రాసింది. “నాకు నేనే పూచీ.”

“చెల్లదమ్మా.”

“చెల్లకపోతే చింపండి.”

ఆయన చింపలేదు. సొరుగులోనూ పెట్టలేదు. కాగితం అలా బల్లమీదే ఉంది.

ఇమాం బీ నవల తీసుకుని, చివరి పేజీలు తెరిచి, నేలమీద బాసింపట్టు వేసుకుంది. చిన్నప్పుడు మసీదు పక్కన ఖురాన్ సూరాలు బట్టీపట్టినట్టే ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఒక్కో వాక్యం పైకి చదవసాగింది. ఒక మాట తడబడితే మళ్ళీ పేజీ మొదటికి.

“నిశ్శబ్దం అని బోర్డు లేదూ?” అన్నారు మాస్టారు.

“పుస్తకం ఇస్తే నిశ్శబ్దంగానే తీసుకుపోయేదాన్ని. ఇవ్వలేదు గనక నోట్లో పెట్టుకుపోతన్నా.”

కాసేపు ఆయన పేపరు గట్టిగా విదిలించారు. తర్వాత విదిలించడం మానేశారు. మధ్యాహ్నం దాటాక లేచి వచ్చి, ఆమె చేతిలో పుస్తకం లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని, “ఏదీ, ఒప్పజెప్పు,” అన్నారు.

ఒప్పజెప్పింది. మూడో పేజీలో తెడ్డు సంగతి వదిలేసింది. “తెడ్డు?” అన్నారాయన కటువుగా. మళ్ళీ మొదటినుంచీ. ఎండ గుమ్మంలోంచి తప్పుకునే వేళకి ఒక్క మాట పోకుండా వచ్చింది. మాస్టారు పుస్తకం మూశారు. బాగుంది అనలేదు, తల ఊపారంతే.

ఇమాం బీ లేచి చెప్పులు తొడుక్కుని మూట చంకనెత్తుకుంది.

ఆమె ఆఖరి పేజీకొచ్చిన ప్రతిసారీ నేను టీకొట్టు దగ్గరున్నాను, అసలు ముక్క వినలేదు. “ఇంతకీ పడవెక్కుతుందా అమ్మా?” అన్నాను.

అరచెయ్యి అడ్డం పెట్టింది. నోరు తెరిస్తే ఏ వాక్యం జారిపోతుందోనని కాబోలు, నా ముఖం కూడా చూడలేదు.

“అమ్మా, ఈ కాగితం...” అని సంజీవరావు లేచారు.

ఆమె పెదాలు కదుపుతూ, నడకలో కూడా ఊగుతూ, బస్టాండు వైపు వెళ్ళిపోయింది.