తెర మీది బాణాలు, నీళ్ల మీది డబ్బాలు

ఆమె రాడార్ తెర చుట్టూ ఎప్పుడూ నలుగురు మూగి ఉండేవారు. నా డబ్బాల దగ్గర నేనొక్కదాన్నే.

ఈ అరబ్బు దేశంలో, ఘాలాలో గరాజుల మధ్య ఉన్న మా సర్వే కంపెనీలో తెలుగమ్మాయిలం ఇద్దరమే. సముద్రంలో పైనీళ్లు ఎటు, ఎంత వేగంగా పోతున్నాయో కొలవడం మా పని. నాది పాత పద్ధతి. పసుపురంగు డబ్బా నీళ్ల మీద తేలుతుంది. దాని కింద తాడుకి పొడుగాటి గుడ్డగొట్టం వేలాడుతుంది. గాలి నెట్టకుండా ఆ గొట్టం డబ్బాను నీటికి కట్టి ఉంచుతుంది. నీళ్లు ఎటు పోతే డబ్బా అటే పోతూ, తానెక్కడుందో కబురు పంపుతుంటుంది. పడవలో వెళ్లి వాటిని వదలడం నా డ్యూటీ. నలుగురిలో నోరు పెగలని నాకు, ఆఫీసులో లేని ధైర్యం పడవెక్కితే వచ్చేది.

నా తర్వాత కాకినాడ నుంచి వచ్చిన ఆమెది కొత్త పద్ధతి. సహం ఊరి ఒడ్డున కొన్ని రాడార్ ఏంటెన్నాలు, ఖబూరా ఊరి ఒడ్డున కొన్ని. కాలికి తడి అంటకుండానే సముద్రమంతా తెర మీద బాణాలై కనిపించేది. ఆమె నవ్వుతూ వివరిస్తుంటే సార్ కుర్చీ లాక్కుని కూర్చునేవారు. నా కాగితాల మీద ఆయన ఎప్పుడూ నిలబడే సంతకం పెట్టారు.

ఒకరోజు సారే చెప్పారు, రెండు పద్ధతులనూ ఒకేసారి నడిపి చూద్దామని. రాడార్ లెక్క డబ్బాలతో కలిస్తే ఇక పడవ మానేస్తారట. కలవకపోతే పడవ ఉంటుంది. పడవ పోతే నాకు మిగిలేది ఆఫీసు బల్లే.

వదిలిన డబ్బాలన్నీ బాణాల వెంటే పోయాయి, ఒక్కటి తప్ప. బాణాలు తీరం వెంబడి చూపిస్తుంటే అది మధ్యలో మళ్లి సూటిగా ఖబూరా ఒడ్డుకు వెళ్లి ఆగింది. రాడార్ తప్పిందని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. రాసింది మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అంత తియ్యటి వాక్యం ఈమధ్య ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

డబ్బా తేవడానికి బయల్దేరితే ఆమె కూడా వస్తానంది. బండి నడిపే అన్న జగిత్యాల మనిషి.

"నీ డబ్బా మీద ఆమెకు నమ్మకం లేనట్టున్నది చెల్లే. కాపలాకొస్తున్నది."

"అదేం కాదన్నా," వెనకసీటు నుంచి ఆమె అంది. "కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. అక్కలాగ పడవలెక్కే అదృష్టం నాకెక్కడిది?"

అన్నీ ఉన్న మనిషి నాకున్న ఆ ఒక్కదాని మీదా కన్నేసిందనిపించింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

డబ్బా ఇసుకలో పక్కకి ఒరిగి ఉంది. తాడు చివర ఉత్త ఇనుప రింగు మాత్రమే ఉంది.

"గొట్టం ఏదక్కా?"

"ఊడిపోయింది."

"ఇక్కడికొచ్చాకేనా? ఒడ్డుకి కొట్టుకునుంటది."

తనకు నిజంగా తెలియదు. అవునంటే చాలు, రాడార్ తప్పయ్యేది. కానీ డబ్బా నడిచిన దారి నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. మొదట బాణాల వెంటే పోయి, మధ్యాహ్నం సముద్రం గాలి లేవగానే ఒక్కసారిగా ఒడ్డుకు మళ్లింది. గొట్టం నీళ్లలోనే ఊడింది. ఆ తర్వాత డబ్బా కొలిచింది గాలిని. ఆమె మీద దయ కలిగిందని కాదు. గాలిని పట్టుకుని నీళ్లు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అంతే.

"లేదు. నీళ్లలోనే ఊడింది. దారి మళ్లినచోటి నుంచి ఈ లెక్క తీసెయ్యాలి."

ఆమె నన్ను గట్టిగా పట్టేసుకుంది. "బతికించావక్కా! ఇన్నాళ్లూ అన్నం సయించలేదంటే నమ్ము."

"మంచిగుంది," అన్నాడు అన్న, డబ్బాను బండిలోకి ఎత్తుతూ. "తన పడవను తనే ముంచుకున్నది పిల్ల."

ఆ ముక్క తీసేశాక మిగతాదంతా బాణాలతో చక్కగా కలిసింది. నా డబ్బాలు ఎంత నిజం చెబితే ఆమె రాడార్ అంత గెలిచింది. మొదటిసారి సార్ నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పని చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకుని, పడవ ఇక అక్కర్లేదన్నారు.

ఇప్పుడు నా బల్ల ఆమె పక్కనే. ఆమె టీకి వెళ్లినప్పుడు ఆ కుర్చీలో కూర్చుని, నేను డబ్బాలు వదిలిన చోట బాణం ఎటు చూపిస్తోందో చూస్తాను. మొన్న నేను చూస్తుండగానే ఆమె తిరిగొచ్చింది.

"కూర్చో అక్కా, పర్లేదు," అంటూ ఇంకో కుర్చీ లాక్కుంది.

నేను లేచి నా బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.