ఎవరి ఫోన్ వాళ్లే విప్పుకోవాలన్న రజిత

నిన్న ఉదయం జనగామ కాలేజీలో క్లాసులో ఉన్నాను. మా ఆవిడ రజిత షాపు పక్కనే టైలర్ షాపు నడిపే ఖాజా భాయ్ ఫోన్ చేశాడు.

"సార్, జర జల్ది రాండ్రి. అక్క కుర్చీల నుంచి పడిపోయింది. దవాఖానకు తీస్కపోతున్నం."

దొరికిన ట్రైన్ ఎక్కాను. కాజీపేట దగ్గర మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి భాయ్ ఏడుపు మాత్రం వినిపించింది.

మా ఊరు మహబూబాబాద్ ఇంకా గంట దూరం. ఆ గంట ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు.

రజిత ఇక లేదు. గుండెపోటు అన్నారు.

నిన్న సాయంత్రమే అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

నేను ఎక్కువ రాసే మనిషిని కాదు. కానీ ఒక్క విషయం మీ అందరికీ చెప్పాలి.

రజిత మొబైల్ రిపేర్ చేసేదని మీకు తెలుసు. భూపాలపల్లిలో వాళ్ల నాయిన గనిలో ఎలక్ట్రీషియన్. చిన్నప్పుడే టెస్టర్ పట్టింది. "సారు భార్య స్క్రూడ్రైవర్ పట్టుకునుడేంది?" అని మావాళ్లే అన్నారు. ఆమె విననట్టు తన పని చేసుకుపోయేది.

రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ తెప్పించింది. మాడ్యులర్ ఫోన్. బ్యాటరీ, స్క్రీన్, కెమెరా, చార్జింగ్ పిన్, దేనికది విడిగా ఊడి వస్తుంది. ఏది పాడైతే అది మార్చుకుంటే చాలు.

డైనింగ్ టేబుల్ మీద ముక్కలన్నీ పరిచి, చిన్నపిల్లలా నన్ను పిలిచింది.

"సారూ, గిది జూడు. జిగురే లేదు, అన్ని స్క్రూలే!"

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. తప్పులు వెతికాను. లావుగా ఉంది. బరువు. ప్రతి జాయింట్ దగ్గరా సందే, నీళ్లు పోతాయి, దుమ్ము పోతుంది. ఈ ధరకు ఇంతకంటే మంచి కెమెరా వస్తుంది. పార్టులు ఇక్కడ దొరకవు, తెప్పించుకోవాలంటే వారాలు పడుతుంది.

"గవన్నీ నిజమే," అంది. "కానీ ఖరాబైతే ఎవల కాళ్లు మొక్కే పని లేదు."

"అందరూ ఇవే కొంటే నీ షాపు మూసుకోవాలి."

"మూస్త. నువ్వు జీతం తెస్తలేవా?"

ఆ ఫోన్ తను వాడుకోలేదు. నాగమ్మకు ఇచ్చింది. నాగమ్మ కొత్తగూడ దాటి అడవిలో ఉన్న ఒక గూడెంలో ఆశా వర్కర్. ప్రతి వానాకాలం ఆమె ఫోన్ చార్జింగ్ పిన్ పోయేది. బాగు చేయించుకోవడానికి మహబూబాబాద్ వచ్చిపోతే ఒక రోజంతా పోయేది. ఆ రోజు గూడెంలో ఎవరికైనా పురిటి నొప్పులు మొదలైతే అంబులెన్సును పిలిచే మనిషే ఉండదు.

రజిత ఒకే షరతు పెట్టింది. "దీన్ని నేను బాగు చెయ్య. నువ్వే చేసుకోవాలె."

"అక్కా, పోడు కొట్టిన చేతులక్కా ఇవి. మొద్దు చేతులు."

"అప్పుడే పుట్టిన పోరల్ని పట్టే చేతులు గాదె? ఫోన్ దానికన్న నాజూకా?"

నాలుగు మధ్యాహ్నాలు నేర్పింది. స్క్రూలు కలిసిపోకుండా మా ఇంటి ఇడ్లీ ప్లేటు తెచ్చి, ఏ గుంటలో ఏ స్క్రూ వేయాలో చూపించింది.

మొదటి వానకే ఫోన్ తడిసింది. నాగమ్మ నేర్చుకున్నట్టే అన్నీ విప్పింది. ఆ తర్వాత, తడిసిన ఫోన్‌కు మనమంతా చేసేదే చేసింది. ముక్కలన్నీ బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది. మిల్లులో కొత్తగా పట్టించిన బియ్యం. పిన్ను సందుల్లో తవుడు దిగింది. ఫోన్ ఆన్ కాలేదు.

టిఫిన్ బాక్సులో ముక్కలు వేసుకుని షాపుకు వచ్చింది. ఆ రోజు అక్కడే ఉన్న నేను నవ్వాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రజిత నవ్వలేదు. ఫోన్ ముట్టుకోలేదు కూడా. ఒక మెత్తటి బ్రష్ నాగమ్మ చేతికిచ్చి, తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వేం మనిషివే అక్కా! జర చెయ్యి పెట్టరాదు?"

"పెట్ట. మళ్ల వాన పడితే నేను కొత్తగూడ దాక ఉరుకాల్నా?"

పది నిమిషాల్లో తను చేయగల పని. రెండు గంటలు అలా కూర్చుంది. ఒక్కసారి కూడా ఆ చేతులు ఒళ్లోంచి లేవలేదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అంత ఓపిక నాకు ఏనాడూ లేదు.

చివరికి స్క్రీన్ వెలిగింది. నాగమ్మ ఏడుస్తుందనుకున్నాను. "ఇగ చాయ్ తెప్పియ్యక్కా, పానం పోయింది" అంది.

ఈ ఉదయం నాగమ్మ ఇంటికి వచ్చింది. నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది.

పోయిన వానాకాలం వాగు పొంగి నాలుగు రోజులు బస్సులు రాలేదు. సరిగ్గా అప్పుడే చార్జింగ్ పిన్ పోయింది. అదే రోజు ఒక పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. నాగమ్మ రజిత ముందే ఇచ్చిపెట్టిన స్పేర్ పిన్ తీసి, తనే మార్చింది. చార్జింగ్ ఎక్కగానే అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆ పిల్లను మంచం మీద మోసి వాగు దాటించి, అవతల ఆగిన అంబులెన్సు ఎక్కించారు. తల్లీ బిడ్డా బాగున్నారు.

"అక్కకు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పిన సారు. ఎంతసేపట్ల మార్చినవే అని అడిగింది. గంతే."

నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు రజిత. చెప్పుకోదగ్గ విషయమని ఆమెకు అనిపించి ఉండదు.

వచ్చే వానాకాలం కూడా ఆ గూడెంలో ఆ ఫోన్ మోగుతుంది. దానికి రజిత అవసరం లేదు. ఆమె కోరుకున్నది అదే.

తను లేకుండా బతుకు నడుపుకోవడం నాకు మాత్రం నేర్పలేదు. నేనూ అడగలేదు.

పోయిరా రజితా. ఏ నొప్పీ లేని చోట నీ ప్రాణం చల్లగా ఉండాలి.