నూడిల్స్ తిన్నాక మళ్లీ అన్నం

మా ఆయన పనిలో కట్టుకునే బెల్టు వంద కేజీల మనిషి వరకే ఆపుతుందట. ఆ సంగతి పెళ్లయిన పదిహేడేళ్లకి గానీ నాకు తెలీలేదు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలు కట్టే చోట పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, వాటి మీద చెక్కలు పరిచి పైకి పైకి కట్టుకుపోతారు చూడండి, స్కాఫోల్డింగ్ అంటారు, ఆ పని ఆయనది. కింద నిలబడి చేసేది ఆయన కంటికి పనిలా ఆనదు. ఆర్నెల్లకోసారి మెడికల్ ఉంటుంది. బీపీ చూస్తారు, కళ్లు చూస్తారు, బరువు తూస్తారు. అన్నీ బాగుంటే హైట్ పాస్ అని ఒక కార్డు మెడలో వేస్తారు. ఆ కార్డు ఉంటేనే పైకెక్కనిస్తారు.

ఆ సారి మిషను నూట మూడు చూపించింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. పప్పు వేశాను, వేపుడు వేశాను, రోజూ తిన్నట్టే తిన్నాడు. మజ్జిగ పోస్తుంటే అప్పుడన్నాడు.

"కార్డు తీసీసుకున్నారే."

"ఏ కార్డు మావా?"

"హైట్ పాసు. బరువెక్కిపోయానట. నలభై రోజులు టైమిచ్చారు. అందాకా కింద హెల్పరు పని సెయ్యమన్నారు."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే కిందే ఉండాల."

అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ తినడం లేదు. కాసేపటికి తనలో తనే నవ్వాడు. "మొన్న మొన్న నా దగ్గర క్లాంపు తిప్పడం నేర్సుకున్నోడు, పైనించి అరుత్తన్నాడు, బావా, ఇంకో పైపు అందియ్ అని. అందిచ్చాను. ఏటి సేత్తాను?"

దువ్వాడలో మేమున్న పోర్షను వెనకవైపుది, రెండు గదులు. కిటికీ తీస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే అందుతుంది. మా అమ్మాయి కాలేజీ హాస్టల్లో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. ఆ రోజునించీ ఆయన ఇంట్లో తిరుగుతుంటే ఆ రెండు గదులూ ఇంకా చిన్నవైపోయినట్టు అనిపించేది. నాలుగంతస్తుల మీద గాలికి నిలబడే మనిషి వచ్చి ఆ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

మా ఇంటి ఓనరమ్మని నేను పిన్నీ అంటాను. ఆవిడ వినీ వినగానే తీర్పు చెప్పేసింది.

"ఇంకేటి, ఆ సైనా తిండేనే! జంక్షన్లో బండి కాడ తింటాడు కదా మీ ఆయన. ఆ నూడిల్సు కడుపులో సుట్ట సుట్టుకుని కూకుంటాయట. కరగవట."

"మరి మీరు ఎప్పుడూ తిన్రు కదా పిన్నీ, మీకేటి ఇంత..."

"నాది లావు కాదే, నీరు!"

నవ్వుకున్నాను గానీ ఆవిడ మాట నా మనసులో అతుక్కుంది. కంపెనీ బస్సు జంక్షన్లో దింపుతుంది. ఏడెనిమిది మంది దిగుతారు. అక్కడే చైనీస్ బండి. ఈ రోజు ఒకడు పెట్టిస్తే రేపు ఇంకొకడు. చాలా ఏళ్లుగా అదే వరస. ఆయన చొక్కా ఉతికితే నాకు తెలిసిపోయేది, సోయా సాసు వాసన, జేబు మీద ఎర్ర మరక. అడిగితే "ఒక్క ముక్క తిన్నానే, ఆళ్లు వదల్లేదు" అనేవాడు. ఏ రోజు అడిగినా ఒక్క ముక్కే.

ఇంక బండి దగ్గర ఆగొద్దని గట్టిగా చెప్పాను. సరే అన్నాడు. పాపం బయట తినడం మానేశాడు కదా, నీరసపడిపోతాడేమో అని ఇంట్లో ఇంకో గరిటె అన్నం ఎక్కువ వేసేదాన్ని. వద్దనలేదు. తినేవాడు. పది రోజులయ్యాక మందుల షాపు ముందు బరువు మిషను ఎక్కించాను. తగ్గలేదు సరికదా, అర కేజీ పెరిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. దొంగచాటుగా తింటున్నాడనే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఐదింటికి, ఆయన బస్సు రాకముందే, జంక్షన్ కి వెళ్లాను. బండివాడు అప్పుడే స్టవ్వు సర్దుకుని క్యాబేజీ తరుగుతున్నాడు. మా విజయనగరం వైపు మాటే. మనిషి పుల్లలా ఉన్నాడు.

"తమ్ముడూ, మా ఆయనకి నువ్వు నూడిల్సు పెట్టకు," అన్నాను.

"ఏ ఆయనక్కా?"

"పైపుల పని. లావుగా ఉంటాడు, కంపెనీ బస్సు దిగుతాడు."

"ఓ, మన పైపుల బావా! బావ రాటం నేదక్కా, పది రోజులై. బస్సు దిగి దూరం నించి సెయ్యూపీసి ఎల్పోతన్నాడు. ఏటి, ఒంట్లో బాలేదా?"

నేను తెల్లమొహం వేశాను. అయినా వచ్చినదాన్ని ఊరుకోలేక, "నీ తిండి తినే కదా అంత లావయ్యాడు," అన్నాను.

కత్తి పక్కన పెట్టి నవ్వాడు. "నన్ను సూడక్కా. ఎనిమిదేళ్లై రోజూ నాను తినీది ఇదే. నా ప్యాంటు సూడు, తాడేసి కట్టుకుంటన్నాను. నూని ఎక్కువే, అబద్దం ఎందుకు, మంచిదని నాను సెప్పను. కానీ నాకిది బోజనం. బావకి బోజనం కాదు కదా. ఇక్కడ ప్లేటు తినీసి, మూతి తుడుసుకుని, ఇంటికెల్లి మల్లా తినాలిరా, అదక్కడ తినకుండా కూకుంటాది అనీవోడు."

అదంటే నేనే.

వెనక్కి నడుస్తుంటే దారి పొడుగునా ఆ మాటే. పెళ్లయిన కొత్తలో వన్ టౌన్లో ఉండేవాళ్లం, సందులో పైవాటా. ఒక రోజు ఆయన స్నేహితుడి ఇంట్లో తినొచ్చి, తిన్నానే, నువ్వు తినీ అన్నాడు. నేను అప్పటిదాకా తినకుండా కూర్చున్నాను. ఆ మాటకి లేచి వండిన అన్నంలో నీళ్లు పోసేసి, తినకుండా పడుకున్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మా అమ్మ మా నాన్న కంటే ముందు ఒక్క ముద్ద తినగా నేను చూడలేదు. నాకూ అదే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకి ఇంత తింటే మళ్లీ ఆయన తిన్నాకే. ఏడయ్యేసరికి కళ్లు తిరిగేవి. అయినా తినను. అది ప్రేమేనని అనుకున్నాను గానీ, ఆ ఆకలి మొహంతో తలుపు దగ్గర నిలబడితే, తినొచ్చానని చెప్పే ధైర్యం ఏ మొగుడికి ఉంటుంది? ఆ రోజు తర్వాత ఆయన నోట తిన్నాననే మాట నేను వినలేదు. బండి దగ్గర కాదంటే స్నేహితులు పెళ్లానికి భయపడ్డాడని ఏడిపిస్తారు. ఇంటి దగ్గర కాదంటే నేను పస్తుంటాను. అందుకని రెండు చోట్లా తిన్నాడు, ఇన్నేళ్లూ.

చైనా తిండి తింటే లావెక్కుతారా అని నన్ను ఇప్పుడు ఎవరైనా అడిగితే, నాకు పూర్తిగా తెలీదని చెబుతాను. ఆ బండి మూకుట్లో పోసే నూనె నేను వస్తూ పోతూ చూసిందే. కానీ మా ఇంట్లో లావెక్కించింది దాని మీద నేను వడ్డించిన రెండో భోజనం. ఆ పది రోజులూ అయితే అచ్చంగా నా గరిటే.

మర్నాడు ఆరున్నరకే కంచం పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టాను, దిగదు. గేటు చప్పుడైంది. దొంగలా లేచి కంచం మీద మూత పెట్టేశాను. వచ్చింది పిన్ని. నీళ్ల మోటారు కట్టేయమని చెప్పడానికి. ఆవిడ వెళ్లాక మూత తీసి, నా ఇంట్లో నేను వండిన అన్నం చూసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ నన్ను తినొద్దనలేదు. అయినా చెయ్యి కదలదు. రెండో రోజుకి బలవంతంగా తిన్నాను. ఆయన రాగానే చెప్పాను.

"నాను తినీసాను."

గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటే, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. ఆకలేసింది, తిన్నాను."

ఆయనకి గ్లాసుడు చోడి అంబలి, రాగి జావే లెండి, ఇంత కూర పెట్టాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇదివరకు నేను వడ్డిస్తుంటే అరగంట కూర్చుని ఆ రోజు జరిగిందంతా చెప్పేవాడు. ఇప్పుడు తినడానికి లేదు, నేను వడ్డించడానికి లేదు, మాటా లేదు. ఇద్దరం ఆ పక్కింటి గోడ చూస్తూ కూర్చునేవాళ్లం. వారం అయ్యేసరికి ఆకలికి ఆయనకి కోపాలు మొదలయ్యాయి.

"నన్ను ఎండగట్టి సంపుతన్నావే!"

"బండి కాడ తినీసి, ఇక్కడ మల్లా తిన్నావు. ఇన్నేళ్లు. నాతో ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు తినవు. నువ్వు తినకుండా పడుకుంటే నాకు నిద్రట్టదు," అన్నాడు.

నేను లేచి మర్నాటి అంబలికి చోడిపిండి నానబెట్టాను.

నలభయ్యో రోజు పొద్దున్న మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లాడు. నేను పొయ్యి గట్టు మీద ఫోను పెట్టుకుని, ముట్టుకోవడానికి భయపడుతూ తిరిగాను. పదకొండు దాటాక మోగింది.

"తొంభై తొమ్మిదిన్నరే! కార్డిచ్చీసారు. ఎక్కుతన్నాను, పెట్టీ."

అంతే, పెట్టేశాడు. చేపలమ్మ వస్తే వంజరం తీసుకున్నాను, తలకాయతో సహా. పులుసు పెట్టాను, అన్నం వండాను. ఆరున్నరకి తినాల్సినదాన్ని, ఆ రోజు తినలేదు. ఆ రోజు తినకపోయినా పరవాలేదనిపించింది.

ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. గుమ్మంలోకి రాగానే సోయా సాసు వాసన. పులుసు గిన్నె చూశాడు, నా మొహం చూశాడు. నేను తినలేదని తెలిసిపోయింది. చెయ్యి కడుక్కుని, కంచం వైపు వంగి, అక్కడే ఆగాడు.

"తినీసానే," అన్నాడు. "కార్డొచ్చిందని ఆళ్లు వదల్లేదు. ఎగ్ నూడిల్సు. సగం ప్లేటు."

వన్ టౌన్ నాటి కోపం అలాగే లేచింది. నీళ్ల చెంబు నా చేతికి దగ్గరగానే ఉంది.

"వంజరం పులుసు పెట్టాను," అన్నాను.

"రేపు తింతాను. రేపటికి పులుసు ఇంకా ఊరుతాది. నువ్వు తినీ."

వెళ్లిపోతాడేమో అనుకున్నాను. వెళ్లలేదు, ఎదురుగా కూలబడ్డాడు. పైన గాలి ఎలా కొట్టిందో, బెల్టు హుక్కు తగిలించాక కూడా ఒక చేత్తో పైపు ఎలా పట్టుకున్నాడో, నలభై రోజులకే ఎత్తు ఎలా మర్చిపోయాడో చెప్పడం మొదలెట్టాడు. నేను అన్నం పెట్టుకున్నాను. మొదటి ముద్ద తిన్నాను. నీళ్లు తాగి, ఇంకోటి కలిపాను. పులుసులో తలకాయ ఎప్పుడూ ఆయనదే. ఆర్నెల్లకి మళ్లీ తూస్తారు, అప్పటి సంగతి అప్పుడు అనుకుని, ఆ తలకాయ నా కంచంలో వేసుకున్నాను.