అమ్ముడుపోని చీరల ధర

ధర్మవరంలో మా పట్టుచీరల కొట్టు లెక్కలు ఏళ్ల తరబడి నేనే రాశాను. కంట్లో శుక్లం వచ్చాక ఆ పని మా బావమరిదికి అప్పగించాను. నా భార్యకు తమ్ముడు, కొట్టులో నాతో సమానంగా భాగస్తుడు.

ఏడాది తిరిగేసరికి లాభం సగానికి పడిపోయింది. వ్యాపారం బాగానే సాగిందని నాకు తెలుసు. ఒక్క మాట నిదానంగా అడగొచ్చు కదా, నాకంత ఓపిక ఏది? మగ్గాల వాళ్లు చీరలు తెచ్చి కూర్చున్నప్పుడే నోరు పారేసుకున్నాను.

“ఏమప్పా, దుడ్లు యాడ పోయినాయి? నేను రాసేటప్పుడు ఇట్లా లేదే!”

“నేను తిన్నానంటావా బావా?” అన్నాడు.

నేను కాదనలేదు. మగ్గాల వాళ్లు తలలు దించుకున్నారు.

మర్నాడు అనంతపురంలో ఆడిటర్ దగ్గరికి వెళ్లాం. బస్సులో వేరువేరు సీట్లలో కూర్చున్నాం. ఆడిటర్ నా పాత లెక్కలూ, అతని కొత్త లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఏడాది చివర మిగిలిన చీరలకు నేనెప్పుడూ చీరకు కట్టిన అట్టముక్క మీది అమ్మకం ధరే కట్టేవాణ్ణి. బావమరిది పట్టు, జరీ, కూలీ కలిపి మాకు పడిన ధర కట్టాడు.

“అమ్మకముందే లాభం రాసుకుంటా వచ్చినావన్నా నువ్వు. పద్ధతి సరైందై ఉండాల, ఏటికేడు అదే ఉండాల. మారిస్తే మార్చినామని రాసి, పాత ఏడాదిని గూడా అదే లెక్కన చూపించాల. లేకుంటే ఎవురికైనా దొంగతనమే కనపడతాది.”

రెండేళ్లకూ పడిన ధరే కట్టి చూపించాడు. లాభం తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

మార్చినట్టు బావమరిది నాకు చెప్పలేదు కదా అని, బస్సులో వస్తూ ఆ సాకు పట్టుకుని వేలాడాను. సిగ్గు తగ్గలేదు. ఇంటికొచ్చి అతని చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాను. “పోనీలే బావా” అన్నాడు. నింద నలుగురిలో వేసి, క్షమాపణ నాలుగు గోడల మధ్య చెప్పుకున్న మనిషిని నేను. మగ్గాల వాళ్లు వచ్చినప్పుడల్లా చెబుదామనుకుంటాను. చీరలు చూసి పంపేస్తాను.

బేరాలన్నీ ఇప్పటికీ అతనే చేస్తాడు. నిన్న నేను టీ తాగి వచ్చేసరికి, పెళ్లి చీరలు కొన్నవాళ్లు డబ్బు పట్టుకుని నిలబడి ఉన్నారు. అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గల్లాపెట్టెకు దూరంగా నిలబడ్డాడు.

“మా బావ వచ్చినాడు, ఆయనకే ఇయ్యండి” అన్నాడు.