పిల్లలకే కనిపించిన దీపం

2022లో, పుట్టపర్తి జిల్లా కేంద్రమైన ఏడాది, నాకు సోమందేపల్లె మండలం బడుల్లో కంటి పరీక్షల పని వేశారు. నా హోదా పారామెడికల్ ఆప్తాల్మిక్ ఆఫీసర్. పలకడానికి నోరు తిరగదు కాబట్టి ఊళ్లలో నేను కంటి సారునే. చూపు కొలవడం, అద్దాలు రాయడం, ఆపరేషన్ కావలసినవాళ్లను కంటి డాక్టర్ దగ్గరికి పంపడం నా పని. దయ్యాలు మా శాఖలోకి రావు.

ఒక ఊళ్లో ఒకటో తరగతి పిల్ల లిఖిత చార్టులో చివరి వరుస దాకా తడబడకుండా చెప్పింది. చూపు బాగుంది పొమ్మన్నాను. పక్కనున్న టీచరమ్మ గొంతు తగ్గించి, ఈ పిల్లకు లేనివి కూడా కనిపిస్తాయంది. పొద్దుగూకితే చేలో ఉన్న తాత సమాధి దగ్గర దీపం వెలుగుతుందట. ఇంట్లో పెద్దవాళ్లెవరికీ అది కనిపించదు.

"జేజినాయన దీపం సారూ. తెల్లగా ఉండాది," అంది లిఖిత, మధ్యాహ్నం ఏం తిన్నదో చెప్పినంత మామూలుగా.

దాని అక్క భవ్య ఆరో తరగతి. చిన్నప్పుడు తనకూ కనిపించేదని చెప్పి, జుట్టు పక్కకు తీసి చూపించింది. రెండు కణతల మీదా కాలిన మచ్చలు. సోది చెప్పే ఆమె మాట విని, పసుపుకొమ్ము కాల్చి వాతలు పెట్టించారు. కొన్నాళ్లకు దీపం కనిపించడం మానేసింది. తాత దయ్యం అక్కను వదిలి చెల్లెల్ని పట్టిందని ఇంట్లోవాళ్ల నమ్మకం. వచ్చే అమావాస్యకు లిఖితకు వాత. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే వాళ్ల నాయన ఓబులేసునూ పిల్లలిద్దరినీ తీసుకుని చేనికి పోయాను. వానల్లేక వేరుశనగ మాడిపోయి ఉంది. గట్టున సమాధి, దాని పక్కన ఇనప గొట్టానికి సోలార్ దీపం. పురుగులను ఆకర్షించి కింది పళ్లెంలో పడేసే రకం. పెద్దాయన బతికుండగా పెట్టించిందట. ఆయన పోయిన ఏడే అదీ ఆరిపోయిందని ఓబులేసు చెప్పాడు.

పొద్దు వాలింది. దీపం చీకటిగానే ఉంది. లిఖిత నా చెయ్యి వదిలేసి, "అదో, వచ్చినాడు," అంది.

నేను దయ్యాలను నమ్మను. భయపడనని మాత్రం ఎప్పుడూ అనలేదు. వెలగని ఆ దీపం చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటున్నాయి. గాజుకు కొట్టుకుని పళ్లెంలో రాలుతున్నాయి. దగ్గరికి పోయి చెయ్యి చాపాను. నా తెల్లకోటు చెయ్యి నీలంగా మెరిసింది. వెనక్కి లాగితే ఆరిపోయింది.

"ఏమప్పా ఇది!" అంటూ ఓబులేసు వెనక్కి తగ్గాడు.

కాసేపటికి నా బుర్ర పనిచేసింది. తెలుపు కోసం సబ్బుపొడిలో కలిపే మందు, అతినీలలోహిత కాంతి పడితే అలా మెరుస్తుంది. దీపంలో మామూలు బల్బులు పోయి ఆ కాంతిచ్చేవి మాత్రం మిగిలాయి. పురుగులు దాన్ని చూడగలవు. పెద్దల కంట్లో మాత్రం కంటిపాప వెనకుండే కటకం దాన్ని లోపలికి రానివ్వదు. పసిపిల్లల కటకం నీళ్లంత తేట; ఆ కాంతి కొంత లోపలికి పోతుంది. పెరిగేకొద్దీ ఉల్లిగడ్డలా పొర మీద పొర చేరి, సన్నగా పసుపు తిరిగి, ఆ దారి మూసుకుపోతుంది. ఏ పిల్లకు ఏ వయసులో అన్నది ఒక్కలా ఉండదు.

ఇదంతా చెబితే ఓబులేసు ఒప్పుకోలేదు. "వాత పెట్టినాకనే గదా సారూ పెద్దదానికి పోయింది?"

అయితే నువ్వే తేల్చుకొమ్మన్నాను. పిల్లకు కనపడకుండా గొట్టం వెనక చెయ్యి పెట్టి వైరు పీకాడు.

"ఆరిపాయ," అంది లిఖిత.

తగిలించాడు. "మళ్లా వచ్చినాడు."

ఇంకోసారి పీకి, తగిలించినట్టు నటించి ఊరుకున్నాడు. పిల్ల కాసేపు చూసి, "యాడ నాయనా? లేడు," అంది. దీనికి వాత పెట్టనని ఓబులేసు సమాధి మీద చెయ్యేసి చెప్పాడు.

అప్పుడు భవ్య అడిగింది: "అట్లయితే నాకు ఊరికే ఉన్నా పోయేదేనా నాయనా?"

ఓబులేసు తల దించుకున్నాడు. పురుగులు చెదిరిపోయిన దీపం వైపు చూస్తూ ఆ పిల్ల కణత మీది మచ్చను వేలితో తడుముకుంటూ నిలబడింది.

పిల్లల కంట్లో వయసుతోపాటు దానంతట అదే మారేది చాలా ఉంటుంది. కాకి వాలినప్పుడే తాటిపండు రాలితే ఘనత కాకికి పోతుంది. ఆ తరువాత, రిటైరయ్యేదాకా, ఏ బడికి పోయినా చార్టు గోడకు తగిలించకముందే పిల్లల కణతలు చూసేవాణ్ణి.