మా తాత వేసుకోని కోటు

పోయిన చలికాలం పాతకాలపు ఉన్ని కోటు, వెయిస్ట్‌కోటు, టోపీ వేసుకుని మడికొండలో పొద్దున్నే నడకకు వెళ్లేవాణ్ణి. యాభై దాటాక దొరలా కనబడాలన్న సరదా! ఎవరడిగినా "మా తాతది, నిజాం కాలంనాటిది" అనేవాణ్ణి. నిజానికి దాన్ని మా వీధి టైలర్ సత్తన్న నెల రోజులు కష్టపడి కుట్టాడు.

ఒకరోజు టీ కొట్టు దగ్గర మిత్రుడు రాజయ్య నా కోటు చూసి మురిసిపోతుండగా సత్తన్న వచ్చాడు.

"సత్తన్నా, మా పిలగాని పెండ్లి సూట్లు నీకే ఇద్దామనుకున్న. గిట్ల కుట్టొస్తదా నీకు?" అన్నాడు రాజయ్య.

సత్తన్న నా కాలర్ ఎత్తి చూశాడు. కుట్టేటప్పుడు తాత్కాలికంగా వేసిన తెల్లదారం ఒకటి అక్కడే ఉండిపోయింది. దాన్ని మెల్లగా లాగి పిడికిట్లో దాచుకున్నాడు.

"గిసొంటి చేతులు ఇప్పుడేడియి రాజన్నా" అని వెళ్లిపోయాడు.

నేను టోపీ సర్దుకుని టీ తాగాను. సూట్లు హన్మకొండ షోరూముకు పోయాయి.

తర్వాత దుకాణానికి వెళ్లి క్షమాపణ అడగబోతే, "పొట్ట కాడ బిర్రుగైంది సారూ. ఇడిచిపో, లూజ్ చేస్త" అన్నాడు సత్తన్న.

అందుకే ఇప్పుడు నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను. ఆ కోటు సత్తన్న చేతి పనే. మా తాత బతికినన్నాళ్లూ చలికి గొంగడే కప్పుకున్నాడు.