ఉల్టా బిగించిన లెన్సు

1974లో చలి తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం పొద్దున, పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు మీదున్న విశ్వేశ్వర్ ఫోటో స్టూడియోకు ఒక ఇంజినీరు వచ్చాడు. పేరు రామలింగేశ్వరరావు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి రామచంద్రపురం కర్మాగారంలో పనిచేస్తున్నాడు. అద్దాల బీరువాలో ఉన్న ఒక లెన్సును చూపించి, "దీన్ని అమ్ముతారాండీ?" అని అడిగాడు.

"వాడుత లేము సార్. తీస్కపోండ్రి," అన్నాడు విశ్వేశ్వర్.

లోపలి గదిలో ఫోటోలు ఆరేస్తున్న అతని భార్య ప్రభావతికి ఆ మాటలు వినిపించాయి. మంచి పనే చేశాడనుకుంది.

ప్రభావతి పుట్టింది సంగారెడ్డిలో. తండ్రి వెంకటనారాయణ ధాన్యం బజారు గంజ్‌లో జొన్నలు, కందులు, బెల్లం కొని హైదరాబాదుకు పంపే వ్యాపారి. బస్తాల మధ్యే ఆడుకుని పెరిగిన పిల్ల కాబట్టి, కదలని సరుకును చూస్తే ఆమెకు చిరాకు. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు. పద్దెనిమిదేళ్లకు పటాన్‌చెరులో కిరాణా దుకాణమున్న ఇంటికి కోడలుగా పంపారు. తీరా వచ్చాక చూస్తే, మొగుడికి తరాజు పట్టుకుని తూకం వేయడమే ఇష్టం లేదు. పొట్లం కడుతూ కడుతూ ఆ కాగితం మీది బొమ్మలు చూస్తూ నిలబడిపోయేవాడు. గిరాకీకి వచ్చినవాళ్లు బయట కేకలు వేస్తుండేవారు.

పెళ్లయిన నాలుగేళ్లకు, కర్మాగారంలో పని ముగించుకుని తన దేశానికి వెళ్లిపోతున్న ఒక చెక్ ఇంజినీరు దగ్గర విశ్వేశ్వర్ కెమెరా కొనుక్కొచ్చాడు. దానితో వచ్చిందే ఈ లెన్సు. మామగారు నెల రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ప్రభావతి మాత్రం ధాన్యం కొట్టు ఖాళీ చేసి, కిటికీకి నల్లగుడ్డ కుట్టి, ఎర్ర బల్బు పెట్టించింది. "పుర్గులు పట్టే కందులకన్న గీ ఫోటోలే నయం," అని అత్తగారితో అంది.

మొదట్లో ఆమె పని ఫోటోలు కడగడం, ఆరబెట్టడం వరకే. తర్వాత ఫోటోలో పడిన తెల్ల చుక్కల మీద సన్నటి కుంచెతో రంగు అద్దడం నేర్చుకుంది. ఒకరోజు ఒక ముసల్మాను ఇంటి నుంచి ముగ్గురు ఆడవాళ్లు రేషను పనికో దేనికో ఫోటో దిగడానికి వచ్చి, మొగవాడు తీస్తే కూర్చోం అన్నారు. విశ్వేశ్వర్ కెమెరాను భార్య చేతిలో పెట్టి బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఆనాటి నుంచి చిట్కుల్ మొదలు గుమ్మడిదల దాకా ఆడవాళ్ల ఫోటోలన్నీ ఆమెవే. పెళ్లిచూపుల ఫోటో అయినా, కంపెనీ కార్డు ఫోటో అయినా ఆ ఒక్క లెన్సుతోనే తీసింది.

అయితే కంపెనీలు పెరిగాక గ్రూపు ఫోటోలు ఎక్కువయ్యాయి. నూరు మందిని ఒకే ఫోటోలో పట్టాలంటే ఈ లెన్సుతో వెనక్కి వెనక్కి నడవాలి. ఒకసారి విశ్వేశ్వర్ అలాగే నడుస్తూ రోడ్డు మీదికి వెళ్లి లారీ కింద పడబోయాడు. ఆ తర్వాతే హైదరాబాదు అబిడ్స్‌లో తెలిసినవాళ్ల ద్వారా, దగ్గర నుంచే ఎక్కువ మందిని పట్టే వెడల్పాటి లెన్సు సంపాదించాడు. ఇక పాతది బీరువాలోకి చేరింది.

రామలింగేశ్వరరావు సంగతి వేరు. అతని స్నేహితుడెవరో అదే రకం కెమెరా ఇచ్చాడు గాని, దానికి లెన్సు లేదు. విదేశీ సరుకు కనుక కొత్తది దొరకదు.

"మా ఆవిడకి నెలలు నిండుతున్నాయండీ. పిల్లో పిల్లాడో పుట్టేటప్పటికి కెమెరా సిద్ధంగా ఉండాలని నా తాపత్రయం," అన్నాడు సిగ్గుపడుతూ.

వచ్చే ఆదివారం వచ్చి తీసుకువెళ్లేటట్టు మాట అయింది.

మంగళవారం మధ్యాహ్నం కర్దనూర్ నుంచి సోమమ్మ అనే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. తలలోని గడ్డిపోచలు కూడా తీసుకోకుండా పొలం నుంచి నేరుగా వచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పడిన ఒక గ్రూపు ఫోటో బల్ల మీద పరిచింది. కర్మాగారానికి పునాదులు తవ్వినప్పుడు గుత్తేదారు తీయించిన ఫోటో అది. కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక మేస్త్రీలు, ఆ వెనక కూలీలు ఉన్నారు. చివరి వరసలో ఆ కొసన తలపాగా చుట్టుకున్న ఒక మనిషిని సోమమ్మ వేలితో చూపించింది. ముఖం మినపగింజంత ఉంది.

"మా ఇంటాయన, చిన్నరాములు. కామెర్లయి పాయె, తొమ్మిదేండ్లాయె. గీ ఒక్కటే ఉన్నది. పెద్దగ జేసియ్యుండ్రి," అంది.

విశ్వేశ్వర్ భూతద్దం పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. దీన్ని ఫోటో తీస్తే మొఖం సూది మొనంతనే పడ్తది. పెద్దగ జేస్తే మసక తప్ప ఏం రాదు."

సోమమ్మ లేవలేదు. ప్రభావతి వైపు తిరిగి మెల్లగా అంది. "ఆయన మొఖం మర్సిపోతున్న బిడ్డా. గొంతు యాదికున్నది. నడిస్తే చెప్పుల సప్పుడు యాదికున్నది. మొఖమే... కండ్లు మూస్తే ఇదివరకు వస్తుండె. ఇప్పుడు వస్తలేదు."

"ఫోటో ఉంచిపో సోమమ్మా. చూస్త," అంది ప్రభావతి. ఏం చూస్తుందో ఆమెకే తెలియదు.

గురువారం నాడు, ఆదివారం అప్పగించాలి గదా అని, పాత లెన్సును తుడవడానికి పెరట్లో ఎండలో కూర్చుంది. మెత్తటి ధోవతి గుడ్డతో ముందు అద్దం తుడిచి, లెన్సును బోర్లించి వెనక అద్దం తుడుస్తూ, ఊరికే కంటికి దగ్గరగా పెట్టుకుని ఒళ్లో ఉన్న వార్తాపత్రికను చూసింది. ఒక్కొక్క అక్షరం పెసరకాయంత పొడుగు కనిపించింది. కాగితంలోని పీచు కూడా కనబడింది. గబగబా లోపలికి పోయి, కెమెరాకున్న లెన్సు విప్పి, దాని చోట పాతదాన్ని వెనక్కి తిప్పి చేత్తో అదిమి పట్టుకుంది. సోమమ్మ ఫోటోను జానెడు దూరం కూడా లేకుండా ముందు పెట్టుకుని లోపలికి చూస్తే, తలపాగా మనిషి ముఖం కనబడింది. కళ్లు, ముక్కు, ఒకవైపు పైకి నిక్కిన మీసం.

"ఇగో, జల్దీ రాండ్రి!" అని కేక వేసింది.

విశ్వేశ్వర్ వచ్చి చూశాడు. "ఉల్టా పెట్టినవేంది?"

"ఉల్టా పెడితెనే కనబడుతున్నది. చూడుండ్రి."

చూసి, మళ్లీ చూశాడు.

కనబడడం ఒక ఎత్తు, తీయడం ఒక ఎత్తు. లెన్సు చేత్తో పట్టుకుంటే కదులుతుంది. వెంట్రుకవాసి కదిలినా అంతా మసకే. చుట్టూ సందుల్లోంచి వెలుతురు దూరి ఫిల్ము పాడవుతుంది. మొదటి రోజు తీసినవన్నీ తెల్లగా పోయాయి. శుక్రవారం నల్లగుడ్డ పేలికలతో లెన్సును కెమెరాకు చుట్టి, దారంతో బిగించి కట్టింది. ఫోటోను పీటకు గుండుసూదులతో గుచ్చి ఎండకు నిలబెట్టింది. కెమెరా కింద పప్పుల డబ్బాలు పేర్చింది. అత్తగారు పోపు వేయడానికి డబ్బాలు లేక సతమతమైంది. విశ్వేశ్వర్ గాలి తగలకుండా దుప్పటి పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు.

శనివారం ఎర్ర వెలుగులో, నీళ్లలో మునిగిన కాగితం మీదికి ముందు తలపాగా వచ్చింది, తర్వాత కనుబొమలు, ఆ తర్వాత మనిషి. ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉన్నాడు గాని, మనిషే. ప్రభావతి అంతటితో ఊరుకోలేదు. రెండు ఫోటోలు కడిగి, ఒకదాని మీద కుంచె పట్టుకుని కూర్చుంది. చుక్కలు కప్పింది, చెంపలు నున్నగా చేసింది, మసకగా ఉన్న పెదవులను కాస్త దిద్దింది. చూడడానికి స్టూడియోలో దిగినట్టే ఉంది.

సాయంత్రం సోమమ్మ వచ్చింది. ఫోటోను రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది," అంది చివరికి. గొంతులో సంతోషం లేదు.

"ఏమైంది సోమమ్మా? ఉన్నమాట చెప్పు."

"ఏమనుకోకు బిడ్డా. గీ నవ్వు ఆయనది కాదు. ఆయన గిట్ల నవ్వకపోతుండె."

ప్రభావతి ముఖం ఎర్రబడింది. తను దిద్దిన పెదవులే అవి. లోపలికి వెళ్లి, రంగు ముట్టని రెండో ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చుక్కల ముఖం, ఎండకు ముడుచుకున్న కళ్లు, సగం తెరిచిన నోరు.

సోమమ్మ దాన్ని చూస్తూనే ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "సూడు, సూడు! ఫోటో తీసేటోనికి ఏందో చెప్పబోతున్నడు. నోరు మూసుకొని ఒక్కదినం ఉండకపోతుండె!" అంటూ, ఎదురుగా కూర్చున్న మనిషిని తిట్టినట్టే ముద్దుగా తిట్టింది. పోతూ పోతూ ప్రభావతి చుబుకం పట్టుకుని, వేళ్లు ముద్దు పెట్టుకుంది.

ఆమె వెళ్లాక ప్రభావతి భర్తతో, "లెన్సు అమ్మొద్దు," అంది.

విశ్వేశ్వర్ తలపట్టుకున్నాడు. "మాటిచ్చిన గద ప్రభా! ఆయన రేపు పొద్దుగాల్నే వస్తడు. ఏం చెప్పాలె?"

"మీరు పరేషాన్ గాకుండ్రి. నేను చెప్త."

అన్నదేగాని, ఆదివారం పొద్దున ఇంజినీరు స్కూటరు దిగుతుంటే ఆమె లోపలి గదిలోనే ఆగిపోయింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆమె తండ్రి ఇంట్లో ఎన్నడూ చూడలేదు. అయినా చాయ్ ఇచ్చి, చుట్టూ తిప్పకుండా చెప్పేసింది.

"సారూ, తప్పు మాదే. లెన్సు అమ్మలేము."

ఆయన ముఖం వాడిపోయింది. "అదేంటమ్మా, మాట ఇచ్చారు కదా. మా ఆవిడ లక్ష్మీనరసమ్మకి కూడా చెప్పేశాను."

ప్రభావతి సోమమ్మ ఇంకా తీసుకుపోని గ్రూపు ఫోటోను, దాని పక్కన తాను కుంచె వేసిన పెద్ద ఫోటోను పెట్టింది. నల్లగుడ్డల్లో చుట్టి ఉన్న కెమెరాను కూడా చూపించింది. ఆయన మినపగింజను చూశాడు, మనిషిని చూశాడు. చాయ్ చల్లారిపోయింది. ఇంజినీరు కదా, కోపం ఎటు పోయిందో గాని, లెన్సును అటూ ఇటూ తిప్పి, అంచు మీది మరలు లెక్కపెట్టినట్టు గోటితో తడిమాడు.

"గుడ్డ పేలికలతో ఎన్నాళ్లు కడతారమ్మా? దీనికి ఒక రింగు కావాలి. ఒకవైపు కెమెరాకి, ఇంకోవైపు లెన్సు ముందు భాగానికి బిగిసేటట్టు," అన్నాడు.

"గట్లాంటిది దొరుకుతదా సార్?" అని అడిగాడు విశ్వేశ్వర్.

"చేయించాలి."

ప్రభావతి అప్పుడు తన మనసులో ఉన్నది చెప్పింది. "అమ్మలేము గని, మీ ఇంట్ల పాప పుట్టినంక ఆదివారం ఆదివారం తీస్కపోండ్రి. సోమవారం పొద్దుగాల తెచ్చియ్యుండ్రి. మీకు వేరే లెన్సు దొరికేదాంక. పైసలు వద్దు."

పది రోజుల తర్వాత రామలింగేశ్వరరావు అల్యూమినియం రింగుతో వచ్చాడు. దగ్గర్లోని లేత్ షాపులో పక్కనే నిలబడి చేయించానన్నాడు. ఆయన జేబులోంచి కొలతలు వేసుకున్న సిగరెట్టు పెట్టె కూడా బయటపడింది. లెన్సు ఉల్టాగా టక్కున బిగిసింది. ఆ నెలాఖరున వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం ఆ లెన్సు రామచంద్రపురం క్వార్టర్లకు వెళ్లి, సోమవారం డ్యూటీ వేళకు తిరిగొచ్చింది. ఒకసారి దాని మీద పాలపొడి కూడా అంటుకుని వచ్చింది.

సోమమ్మ ఎక్కడెక్కడ చెప్పిందో గాని, కర్దనూర్ నుంచి మొదలై ఊరూరి నుంచి జనం రాసాగారు. గ్రూపు ఫోటోల్లో, పెళ్లి ఫోటోల మూలల్లో, జాతరలో ఎవరో తీసిన ఫోటోల్లో వేలుపెట్టి చూపించేవారు. ప్రభావతి కుంచెను పూర్తిగా మానేయలేదు గాని, పెదవుల జోలికి మళ్లీ పోలేదు. ఫోటో ఇచ్చే ముందు తప్పకుండా అడిగేది: "మంచిగ చూడుండ్రి. ఆయనేనా?" కాదంటే మళ్లీ మొదలుపెట్టేది.

1979లో గుమ్మడిదల నుంచి కైలాసం అనే ముసలాయన వచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన నిలబడిన పాత ఫోటో తెచ్చి, పోయిన తమ్ముణ్ని పెద్దగా చేసిమ్మన్నాడు. ఫలానావాడని వేలితో చూపించాడు. ప్రభావతి మూడు రోజులు కష్టపడి చేసిచ్చింది. ముసలాయన దాన్ని ఎండలోకి తీసుకుపోయి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఆయనేనా తాతా?" అంది.

"కాదమ్మా," అన్నాడు తలగోక్కుంటూ. "గిది నేనే! తమ్ముడు పక్కోడు. కండ్లు సక్కగ కనబడక తప్పు సూపిచ్చిన."

ప్రభావతి నెత్తిన చేయి పెట్టుకుంది. ముసలాయన ఫోటోను మాత్రం వదలలేదు. "గింత మంచిగుంటినా నేను? మా ముసల్దానికి సూపియ్యాలె," అని సంబరంగా పంచె కొంగులో చుట్టుకున్నాడు. పాత ఫోటోను మళ్లీ ఆమె ముందుకు జరిపి, ఈసారి తమ్ముడి మీద గట్టిగా వేలు ఆనించాడు.

"ఇగ వీన్ని జెయ్యి బిడ్డా," అన్నాడు.

ప్రభావతి నవ్వు ఆపుకుంటూ పీట తీసుకుని పెరట్లోకి నడిచింది. మంచి ఎండ ఉంది.